ఆవని బండ మీద ఒక తొండ

ఫోటో నిండా రాయే. ఫ్రేములో కింది మూడింట రెండు వంతులు ఏటవాలు బండ, దాని వెనక నీడలో పెద్ద గుండు. ఆ రెండూ కలిసే అంచున, కుడివైపు, తల ఎత్తి కూర్చున్న మగ తొండ. వీపు ఎరుపు, పక్కలు నలుపు. ఆకాశం లేదు, గుడి లేదు, మనిషి లేడు. అయినా కోలారు జిల్లా గుట్టలు ఎక్కి దిగినవాళ్లకు ఇది ఏ వైపు బండో ఎవరూ చెప్పనక్కర్లేదు.

తీసినవాడు నాకు తెలిసిన కుర్రవాడు. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో తమిళం. ఇప్పుడు ఉద్యోగం బెంగళూరులో. పేరు రాయొద్దన్నాడు. కెమెరా కొని ఎక్కువ కాలమేమీ కాలేదు. అతను మొదట్లో తీసిన ఫోటోలు కూడా చూశాను కాబట్టే ఈ ఒక్క ఫోటో గురించి ఇంత రాయాలనిపించింది. ఇందులో అదృష్టం పాలు చాలా తక్కువ.

ఆవని ముళబాగిలు తాలూకాలోని చిన్న ఊరు. పదో శతాబ్దంలో నొళంబ రాజులు కట్టించిన రామలింగేశ్వర గుడుల సముదాయం వల్ల పేరు. రాముడూ తమ్ముళ్లు ముగ్గురూ ప్రతిష్ఠించారని చెప్పే లింగాలు ఒకే ఆవరణలో ఉంటాయి. వాల్మీకి ఆశ్రమం ఇక్కడేనని, లవకుశులు పుట్టింది ఈ కొండ మీదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. కొండ మీద సీతాపార్వతి గుడి ఉంది. కెమెరాతో వచ్చినవాళ్లు సాధారణంగా గుడులు తీస్తారు, కొండెక్కి కిందున్న పొలాలు తీస్తారు, దిగిపోతారు. తమ కాళ్ల కింద ఉన్న రాయి వైపు కెమెరా తిప్పేవాళ్లు తక్కువ. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ అది. ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి, మూలలు అరిగి, గుండ్లుగా మిగిలింది. ఆ గుండ్ల మీద తొండలు కాపురం ఉంటాయి.

ఇదే తొండజాతిని అతను మొదట తీసిన ఫోటో ఒకటుంది. మిట్టమధ్యాహ్నం, నిలబడి, పైనుంచి తీసింది. తొండ సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. బండ తెల్లగా పాలిపోయి ఉంటుంది, దాని మీద తొండ నల్లటి మరక. ఫోటోగ్రఫీ మొదలుపెట్టిన ప్రతివాళ్ల దగ్గరా ఇలాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది. జంతువు దొరికిందన్న ఆత్రంలో వెనకేముందో, వెలుగు ఎటునుంచి పడుతోందో చూడరు. ఆ ఫోటోకీ ఈ ఫోటోకీ మధ్య మారింది కెమెరా కాదు, లెన్సు కాదు. రెండూ అవే.

మొదట మారింది కెమెరా ఎత్తు. ఈ ఫోటో తీసేటప్పుడు అతను బండ మీద బోర్లా పడుకున్నాడు. కానీ పూర్తిగా రాయికి ఆనించి తీయలేదు, కెమెరాను జానెడు ఎత్తులో పట్టుకున్నాడు. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ జానెడే. ఇంకా కిందికి దింపి ఉంటే తొండ మొత్తం వెనకున్న నీడగుండు మీదికి వచ్చేది. నల్లటి పక్కలు నీడ నలుపులో కలిసిపోయి, గాలిలో తేలే ఎర్రటి వీపు మాత్రం మిగిలేది. ఇంకా పైకెత్తితే తల కూడా బండ మీదే పడి, బూడిదరంగు గరుకులో ముక్కూ గొంతూ పోయేవి. ఇప్పుడున్న ఎత్తులో నల్లటి పక్కలకు వెనక ఎండపడిన బండ, ఎర్రటి వీపుకూ ఎత్తిన తలకూ వెనక నీడ. ముదురుకు వెనక లేత, లేతకు వెనక ముదురు. తొండ ఆకారం గొంతు ముడతతో సహా విడిగా కనబడుతుంది. కూర్పు అనగానే ఫ్రేమును మూడు భాగాలు చేసి గీతలు గీయడమే చాలామందికి గుర్తొస్తుంది. ఆ గీతలు పనికొస్తాయి, కాదనను. కానీ దేని వెనక ఏది పడుతోందన్నది అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి.

తొండ ఎడమకు చూస్తోంది కాబట్టి ఎడమవైపు బండను ఖాళీగా వదిలాడు. ఆ ఖాళీలో కింది మూల నుంచి సన్నటి పగులు ఒకటి ఏటవాలుగా పైకి పాకి, తొండ ముందుకాలి దగ్గర ఆగుతుంది. మన చూపు ఆ పగులు వెంట ఎక్కి తొండను చేరుతుంది, తొండ చూపు వెంట మళ్లీ ఖాళీలోకి దిగుతుంది. బండ మీద అలాంటి పగుళ్లు ఎన్నో ఉంటాయి. తొండను కదపలేడు కాబట్టి, ఆ ఒక్క పగులు సరిగ్గా అక్కడ పడేలా తనే పక్కకు పాకాడు. తోక కొస మాత్రం కుడి అంచున తెగింది. అది లోపమే. అడిగితే, "తోక కోసరం జరిగింటే పగులు పోతావుండె అన్నా, తోకే పోనీ అనుకుంటి" అన్నాడు. నేను ఒప్పుకోను గానీ, ఏది వదులుకుంటున్నాడో తెలిసి వదులుకున్నాడు, అది ముఖ్యం.

ఇక వెలుతురు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు తొండా తెలియదు, బండా తెలియదు. ఎదురుగా ఉన్నదాన్నంతా సగటు చేసి మధ్యరకం బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. ఈ ఫ్రేములో దాదాపు మూడోవంతు నీడ. అది చూసి మీటరు వెలుగు తక్కువైందనుకుంది. ఐఎస్ఓ 400, ఎఫ్/8 దగ్గర సెకనులో 500వ వంతు షట్టర్ అడిగింది. అతను ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో (వెలుగు సగమైతే ఒక స్టాపు) మూడింట రెండు వంతులు తగ్గించి 800వ వంతుకు తెచ్చాడు. కారణం ఆ ఎరుపు. ముదురు ఎరుపు మీద ఎండ పడితే సెన్సారులో ఎరుపు ఛానెల్ మిగతా రెండిటికన్నా ముందే నిండిపోతుంది. వెలుగు పంపకాన్ని చూపే మామూలు హిస్టోగ్రాం బాగానే ఉందని చూపుతున్నా వీపు మీది పొలుసులు కరిగి, ఒకటే ఎర్రటి పూతగా మారతాయి. అందుకే అతను మూడు రంగుల హిస్టోగ్రాం విడివిడిగా చూస్తాడు. ఫోటోను పెద్దది చేస్తే వీపు మీద ఒక్కో పొలుసూ లెక్కపెట్టొచ్చు. నీడగుండు కాస్త ఎక్కువ నల్లబడింది, దానివల్ల నష్టం లేదు.

ఆ రంగు కూడా ఎప్పుడూ ఉండేది కాదు. జతకట్టే కాలంలోనే మగ తొండకు ఈ సొగసు వస్తుంది. బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు ఈ జాతి మీద చేసిన పని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. మరో మగ తొండ ఎదురైతే ఒక జత రంగులు, ఆడ తొండ కనిపిస్తే ఇంకో జత, అదీ చూస్తుండగానే మారతాయి. అంటే ఫోటోగ్రాఫర్ ఎక్స్‌పోజర్ లెక్క కట్టుకునేలోపే లెక్క మారిపోవచ్చు. లెక్క ముందే కట్టి ఉంచుకోవాలి.

ముందే కట్టడానికి ఆవని రాయి గొప్ప సాయం. ఫోటోగ్రాఫర్లు డబ్బిచ్చి కొనే గ్రే కార్డు తన మీద పడిన వెలుగులో 18 శాతాన్ని వెనక్కి పంపుతుంది. ఎండలో మాగిన ఈ గ్రానైట్ ఇంచుమించు అదే పని చేస్తుంది. ఆకాశం ఫ్రేములోకి రాకుండా, తొండకు పడుతున్న ఎండే పడే బండ ముక్క మీద మీటరు పెట్టి, ఆ కొలతను లాక్ చేసుకుని తర్వాత ఫ్రేము కట్టుకుంటే చాలు. ఫోనుతో తీసేవాళ్లు తెరమీద ఆ బండ ముక్కను వేలితో నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది, ఆపైన వేలు కిందికి జరిపి వెలుగు తగ్గించుకోవచ్చు.

గ్రానైట్‌ను ఫోటోలో నిలపడం గురించి మాట్లాడితే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ను తలవక తప్పదు. 1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే కొండ ముందు నిలబడేసరికి ఆయన దగ్గర రెండు గాజు ప్లేట్లే మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. అందులో ఆకాశం తను అనుకున్నంత ముదురుగా రాదని అనిపించి, రెండోదానికి ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టాడు. ‘మోనోలిత్’ అని పేరుపడ్డ ఫోటో ఆ రెండోదే. తర్వాత 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును మెట్లుగా విడగొట్టి, ఏ వస్తువును ఏ మెట్టు మీద ఉంచాలో తీసేవాడే ముందు తేల్చుకునే పద్ధతి తయారుచేశాడు. అదే జోన్ సిస్టం. మన కుర్రవాడు ఎరుపును స్టాపులో మూడింట రెండు వంతులు దింపడం ఆ దారిలోదే. అంత దూరం ఎందుకు, మన పక్కనే సండూరు ఎం.వై. ఘోర్పడే అడవిని నలుపు తెలుపుల్లో తీసిన తీరు చూసినా, వెలుగును ఎంచుకోవడమంటే ఏమిటో అర్థమవుతుంది.

ఈ ఫోటోలోని పొద్దుటి ఏటవాలు వెలుగు విలువ ఆవని శిల్పులకూ తెలుసు. పొద్దున ఎండ పక్కనుంచి తాకినప్పుడు గుడి గోడల మీద చెక్కడం లేచి నిలబడుతుంది, మధ్యాహ్నానికి అణిగిపోతుంది. బండ మీది గరుకుకూ అంతే. పొద్దున్నే వెళ్లడానికి మా కుర్రవాడిది ఇంకా సూటి కారణం: "బండ కాగినాక తొండ నిలవదన్నా, పొద్దున్నే పోవల్ల."

ఇక్కడ పదో శతాబ్దంలో త్రిభువనకర్తరదేవుడనే శైవాచార్యుడు నలభై ఏళ్లు స్థానాధిపత్యం చేసి, యాభై గుడులూ రెండు పెద్ద చెరువులూ కట్టించాడని శాసనం చెబుతుంది. అంత పని చేయించిన చోట ఒక్క బండను శ్రద్ధగా చూడటానికి మనకు ఓ పూట దొరకదా? శివరాత్రి జాతర సందడి తగ్గాక, ఎండాకాలం ముదిరి తొండలకు రంగు వచ్చే రోజుల్లో వెళ్లండి. శాసనాలున్న రాళ్లు ఎక్కకండి, తొండ కదలాలని గులకరాళ్లు విసరకండి. ఒకే బండ దగ్గర కూర్చోండి, మీటరు దాని మీద పెట్టి చూడండి, కెమెరాను జానెడు పైకీ జానెడు కిందికీ జరిపి తీయండి. ఇంటికొచ్చి ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకోండి.