పురి ఎక్కిన మాట

మోటివేషన్ పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘మోవేరే’ అంటే కదిలించడం. బండిలో మోటారు, మనసులో ఎమోషన్, తెరమీద మూవీ అన్నీ ఆ ఇంటి పిల్లలే. మనం పుస్తకాల్లో దానికి ‘ప్రేరణ’ అని రాసుకుంటాం. దాని కట్టుబడీ ముచ్చటైనదే. ‘ఈర్’ ధాతువుకు కదలడమని అర్థం. ముందు ‘ప్ర’ చేరితే గుణసంధి వచ్చి ‘ప్రేర్’ అయింది. చివరి ‘న’ కాస్తా రేఫ సహవాసంతో ‘ణ’ అయింది. గాలిని సమీరం అనడంలో ఉన్నదీ ఆ ధాతువే. ఎక్కడి లాటిన్, ఎక్కడి సంస్కృతం! వేరువేరు ధాతువులు పట్టుకుని రెండూ కదలిక దగ్గరికే వచ్చాయి.

అయినా నా ఓటు ‘పురికొల్పు’కే.

మేలుకొను, మేలుకొల్పు. నెలకొను, నెలకొల్పు. అలాగే పురికొను, పురికొల్పు. ‘కొను’ అంటే తనంతట తనకు కలగడం, ‘కొల్పు’ అంటే ఇంకొకరు కలిగించడం. లోపలినుంచి వచ్చే ఉత్సాహం వేరు, బయటివాళ్లు తెచ్చిపెట్టేది వేరు అని మనస్తత్వ శాస్త్రం పేజీలకు పేజీలు రాస్తుంది. మనకు ఆ తేడా మాట తోకలోనే ఉంది.

ఇక ‘పురి’ అన్నప్పుడల్లా నాకు తాడు పేనడం గుర్తొస్తుంది. విడి నారపోగును పసిపిల్లాడు లాగినా తెగుతుంది. పురి ఎక్కించి పేనాక అదే నార నిండు బిందెను బావిలోంచి పైకి తెస్తుంది. కొత్తగా కలిపింది ఏమీ లేదు, ఉన్న నారకే బిగువొచ్చింది.

దీని పక్కింటి మాట ‘ఉసిగొల్పు’. అందులో కుక్కను ‘ఉస్కో’ అని ఉరికించే కేక వినిపిస్తుంది. పురికొల్పు మంచికీ వస్తుంది, నేరానికీ వస్తుంది. ఉసిగొల్పు మాత్రం మంచికి రానే రాదు. పొయ్యిలో కట్టెలను ముందుకు నెట్టే ‘ఎగదోయు’ కూడా తగవుల దగ్గరికొచ్చేసరికి ఇంచుమించు ఆ జట్టే.

అన్నిటికంటే చిన్న పనిముట్టు ‘ఇంచు’. నవ్వుకు తగిలిస్తే నవ్వించు, చదువుకు తగిలిస్తే చదివించు. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకమనే అంటారు. ‘కూతుర్ని చదివించాడు’ అన్న రెండు మాటల్లో పుస్తకం పట్టిన పిల్లా ఉంది, ఫీజు కట్టిన తండ్రీ ఉన్నాడు.

ఈసారి మోటివేషన్ క్లాసుకు బ్యానరు రాయించే పని మీకు పడితే, ఒక్కసారి ‘పురికొల్పు’ అని రాయించి చూడండి.