కర్త ఎవరు? సాంకేతిక వార్తా వాక్యంలో మన లిపులు

2018 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా సాంకేతిక వార్తలు చదివేవారికి ఒక తెలుగు అక్షరం పరిచయమైంది. అది 'జ్ఞా'. ఐఓఎస్ 11.2.5తో నడిచే ఐఫోన్‌కు ఆ అక్షరం సందేశంగా చేరితే అప్లికేషన్ కుప్పకూలేది. నాటి పలు ఆంగ్ల శీర్షికల సారాన్ని తెలుగులో చెబితే 'ఐఫోన్‌ను కూల్చిన తెలుగు అక్షరం' అవుతుంది. ఇందులో కూల్చడమనే క్రియకు అక్షరం కర్త, ఐఫోన్ కర్మ. ఈ కారక సంబంధం ఎంతవరకు నిజమో పరిశీలించవలసి ఉంది.

'జ్ఞానం' అని మామూలుగా టైపు చేసినవారి వల్ల ఏ ఫోనుకూ హాని లేదు. మామూలు 'జ్ఞా'లో నాలుగు సంకేతాలుంటాయి: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ప్రమాదకరమైన వరుసలో ఞకూ దీర్ఘానికీ నడుమ ఐదవది చేరింది. అది వెడల్పు లేని, కంటికి కనబడని విభాజక సంకేతం. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'వే' వత్తుగా మారకుండా మనం వాడేది దానినే. దీర్ఘానికి ముందు మాత్రం తెలుగు రాతలో దానికి పనేమీ లేదు. అటువంటి చోట అది ఎదురైనా తట్టుకోవడం అక్షరరూపాన్ని తెరపై కూర్చే ప్రోగ్రాము బాధ్యత. ఆ ప్రోగ్రాము ఆపిల్‌ది. ఇదే తీరు వరుసలు దేవనాగరి, బెంగాలీ లిపులలోనూ లోపాన్ని బయటపెడతాయని ప్రోగ్రామర్ మనీష్ గోరెగావ్‌కర్ ఆ నెలలోనే విశ్లేషించి చూపాడు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసింది. అది దిద్దుకున్నది తన ప్రోగ్రామును, తెలుగు లిపిని కాదు.

శీర్షికకు క్లుప్తత అవసరమనే సమాధానం ఉండనే ఉంది. కాని 'తెలుగు అక్షరానికి తడబడిన ఐఫోన్' అన్నదీ నాలుగు మాటలే. ఎంపిక క్లుప్తతది కాదు, దృష్టిది. కోట్లమంది నిత్యం రాసే లిపిని ఆ వాక్యం యంత్రానికి తగిలిన ఉపద్రవంగా నిలిపింది.

ఆ ఏడాదే మరో లిపికి కర్తృత్వం మాట అటుంచి, వార్తలో చోటే అరుదైంది. జూన్ 5న విడుదలైన యూనికోడ్ 11.0లో 684 కొత్త సంకేతాలున్నాయి. వాటిలో 66 ఎమోజీలు, 63 గుంజాల గోండి లిపివి. జనాదరణ గల వార్తలు ఆ విడుదలను ఎక్కువగా ఎమోజీల పేరిటే చెప్పుకున్నాయి. గుంజాల మా ఆదిలాబాద్ జిల్లాలోని నార్నూర్ మండల గ్రామం. అక్కడి రాతప్రతులు జయధీర్ తిరుమలరావు తదితరుల కృషితో వెలుగులోకి వచ్చాయి. బోథ్‌లో నా తరగతిలో గోండి ఇంటిభాషగా గల విద్యార్థులు ఫోనులో తమ మాటలను తెలుగు లిపిలోనే రాస్తారు. గుంజాల అక్షరాలను పంపితే కొందరి తెరలపై ఖాళీ పెట్టెలు కనబడ్డాయి. సంకేతం దక్కినా ఫాంటు, కీబోర్డు అందాలి కదా!

అయితే ఎమోజీలను నిందించడం తొందరపాటు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు. గుంజాల అక్షరానికి నాలుగు కావాలి. నవ్వుముఖపు ఎమోజీకీ నాలుగే. మైఎస్‌క్యూఎల్‌లోని పాత 'యూటీఎఫ్8' పట్టికలు మూడు బైట్లకే పరిమితం కనుక ఈ రెండింటికీ వాటిలో చోటు లేదు. ఎమోజీలను నిల్వ చేయడానికి నాలుగు బైట్లకు మార్చిన ప్రతి పట్టికలోనూ గోండి అక్షరం ఇముడుతుంది. ఈ సంగతి చెప్పే వాక్యం నేను చదివిన నాటి వార్తలలో ఒక్కటీ లేదు.