కొబ్బరి పీచుకు కైమోడ్పు

కొబ్బరి పీచూ, నీకు నమస్కారం. 60 అడుగుల ఎత్తున ఉన్న మొవ్వులోంచి కాయ రాలినా, దెబ్బనంతా నీలోనే ఇంకించుకుని చిప్పను పగలనివ్వవు. వైనతేయ గోదావరి పక్కన, నగరం అనే మా ఊరి తోటల్లో డొక్కల గుట్టలై ఎండుతుంటావు. అంబాజీపేట బజారులో అందరూ కాయ ధరే అడుగుతారు. నేను నిన్ను పొగడడానికి వచ్చాను. రబ్బరు పాలు పట్టించి ఒత్తిన నీ ముక్కలు నా స్పీకర్ల కింద నాలుగు మూలలా కూర్చుని పాటను కాపాడుతున్నాయి.

స్పీకరులో కదలాల్సింది ఒక్క కోనే. అది ముందుకు పొడిస్తే డబ్బా వెనక్కి తంతుంది. న్యూటన్ మూడో సూత్రానికి మినహాయింపు లేదు. ఆ తన్ను కింది బల్లలోకి దిగుతుంది. కోను కన్నా బల్ల ఎంతో వెడల్పు, కాబట్టి కంటికి కనిపించనంత అదిరినా చెవికి తెలిసిపోతుంది. పైగా కోను ఆగాక కూడా బల్ల ఆగదు.

అది తెలియాలంటే, 1930లో ఈ రాజోలు సీమలోనే, శంకరగుప్తంలో పుట్టిన గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వినాలి. ఆయన మంద్రంలోకి దిగితే 100 హెర్ట్జ్ దరిదాపులు. సరిగ్గా అక్కడే బల్లలకూ అలమరా తలుపులకూ పూనకం వస్తుంది. ఆయన వదిలేసిన స్వరాన్ని అవి పట్టుకుని సాగదీస్తాయి.

నీ మెత్తదనానికి ఓ లెక్కుంది పీచూ. బరువుకు 1 మిల్లీమీటరు కుంగే స్ప్రింగు సొంత ఊపు సెకనుకు సుమారు 16 సార్లు; 4 మిల్లీమీటర్లు కుంగితే 8. ఆ ఊపుకు 1.4 రెట్లు దాటిన అదురు మాత్రమే తగ్గడం మొదలవుతుంది, దాటిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ ఊపు దగ్గర మాత్రం పెరుగుతుంది. నువ్వు అచ్చమైన స్ప్రింగువి కావు, ఊగేటప్పుడు బిగుస్తావు, లెక్క కాస్త పైకి జరుగుతుంది. అయినా 8 ఎక్కడ, 100 ఎక్కడ! నీ నారలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును వేడిగా మార్చేస్తాయి. ఉక్కు స్ప్రింగుకు ఆ గుణం బహు తక్కువ. బరువుకు కుంగని ముక్క రాయితో సమానం, పూర్తిగా అణగిపోయినదీ అంతే.

మా ఊరి పేరు లోకానికి తెలిసింది ఓ పేలుడుతో. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి, మంటలు 20 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అంతలా అదిరిన నేల ఇది. ఇక్కడ ఒక గదిలో, అదరాల్సినదే అదరాలి, తక్కినవి ఊరకుండాలి అని కోరుకోవడం నాకు చిన్న కోరికగా తోచదు.

అయితే గచ్చు మీద నేరుగా నిలిపిన బరువైన స్పీకరుకు నీతో పెద్ద పని లేదు. బోడి గోడల మారుమోతా నీ చేతిలో లేదు. అది పరదాలూ పుస్తకాలూ చూసుకోవాలి. నీ రాజ్యం చెక్క.

నీకు ఇంకో కొలువుంది, రికార్డు ప్లేయరు కింద. గాడిలోని సన్నని వంకరలతో పాటు బల్ల అదురునూ సూది చదివేస్తుంది. స్పీకరు దాన్ని పలుకుతుంది, సూది మళ్లీ చదువుతుంది, చివరికది ఊళగా మారుతుంది. ఆ దారికి అడ్డంగా కూర్చోవాల్సింది నువ్వే. పాత రికార్డుల్లోని బాలమురళి కోసం నీ ముక్కలు ఇంకో నాలుగు కోసి పెట్టాను.