పూత కంటే తోముడు ముఖ్యం

ధవళేశ్వరం దాటి కడియం వైపు వెళ్తే దారికి అటూ ఇటూ నర్సరీలే. ఈ చుట్టుపక్కల పురుగుమందుల కొట్లో మైలుతుత్తం అడిగితే పొట్లం కట్టిస్తారు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా మొక్కలకు కొట్టే నీలం పలుకులవి. వాటిలో రాగి ఉంది. గ్లాసెడు నీళ్లు, ఒక టార్చిలైటు బ్యాటరీ ఉంటే ఆ రాగిని పాత ఇత్తడి గంట మీదికో, తాళంచెవి మీదికో ఎక్కించవచ్చు.

లోహం మీద లోహం పూయడం మనకు కొత్త పనేం కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది కనుక లోపల తగరం పూత వేయించేవాళ్లం. కళాయి వేసే మనిషి గిన్నెను ఇసుకతో రుద్ది, కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లుతాడు. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ ఘాటుకు మనం ముక్కు మూసుకుంటాం గానీ, లోహానికి అంటుకున్న చివరి మకిలిని వదిలించేది ఆ నవాసాగరమే. 232 డిగ్రీలకే కరిగే తగరాన్ని తాకించి, దూదితో గిర్రున ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా తెల్లగా మెరిసిపోతుంది.

మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి కవరింగ్ నగల పూతకు నిప్పు అక్కర్లేదు, కరెంటు కావాలి. 1805లో ఇటలీలో బ్రుగ్నతెల్లి అనే శాస్త్రవేత్త వోల్టా బ్యాటరీతో వెండి పతకాలకు బంగారం పూసిన నాటి సూత్రమే నేటికీ నడుస్తోంది. అయితే బంగారు పూత తొట్టెల్లో సాధారణంగా సయనైడు లవణాలుంటాయి. ఇంట్లో దాని జోలికి పోకూడదు. మనకు రాగి చాలు.

కళాయిలోనైనా, కరెంటు పూతలోనైనా అసలు పనితనం తోమడంలోనే ఉందని నా నమ్మకం. గంటను చింతపండుతో తోమి, సబ్బుతో కడిగి, తీగ కట్టి నీళ్లలో ముంచి ఎత్తండి. నీరు చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే. అంతటా ఒకే పలచని పొరగా నిలవాలి. ఆ తర్వాత వేలు తగలనివ్వకూడదు. వేలిముద్ర పడినచోట పూత పట్టదు.

పావు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 50 గ్రాముల మైలుతుత్తం కరిగించి, నాలుగు చుక్కల వెనిగర్ వేయాలి. బ్యాటరీ ప్లస్ కొసకు గీకి శుభ్రం చేసిన రాగి తీగ చుట్ట, మైనస్ కొసకు గంట. రెండూ తగలకుండా రెండంగుళాల ఎడం ఉంచాలి. కాసేపటికి ఇత్తడి పసుపు మీద లేత గులాబీ రంగు పాకుతుంది. తొందరపడి మరో రెండు బ్యాటరీలు కలిపితే అంచుల దగ్గర గోధుమరంగు పొడి కట్టి రాలిపోతుంది. ఒక ఆంపియరు గంటసేపు పారితే చేరేది 1.19 గ్రాముల రాగి. ఫారడే 1830లలో తేల్చిన ఈ లెక్కను బడి పిల్లలు ఇంట్లో తూచి చూడవచ్చు. పుస్తకంలో చదివిన అయాన్లు కళ్లముందు గంటకు అంటుకోవడం చూసిన పిల్లలకు ఆ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇనుప వస్తువులు వద్దు. మైలుతుత్తం నీళ్లలో ఇనుము ముంచగానే కరెంటు లేకుండానే ఎర్రబడుతుంది. ఇనుము తాను కరుగుతూ రాగిని బయటికి నెడుతుంది. చూడ్డానికి వింతే గానీ గోటితో గీకితే ఊడొస్తుంది. వంట, తిండి గిన్నెలకూ ఈ పూత పనికిరాదు, వాటికి కళాయే. ఈ పనికి వాడిన గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

నీళ్లు పారబోయనక్కర్లేదు. గంట మీద చేరినంత రాగి తీగ నుంచి కరిగి నీళ్లలో కలుస్తుంది కనుక నీలం తగ్గదు. సీసాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా పైన పెడితే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. మైలుతుత్తం చేపలకు విషం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన ఈ ధవళేశ్వరం దగ్గరే తూర్పు డెల్టా కాలువ మొదలవుతుంది. ఇక్కడ కాలువలో కలిసింది కింది ఊళ్లన్నిటికీ పోతుంది కాబట్టి, ఆ సీసాను అందులో కడగడం కూడా తప్పే.