పడిన రాకెట్టు పక్కన కూర్చోండి

మొన్న ఆదివారం పేపరు మడతలో ఒక రంగుల కరపత్రం వచ్చింది. ‘ఆడుతూ పాడుతూ లెక్కలు’ అని పెద్ద అక్షరాలు. ఏడాదికి ఇంతని కడితే పిల్లవాడి ఫోన్లోకి ఒక ఆట వస్తుందట, దాంతో ఎక్కాలు వాటంతటవే వచ్చేస్తాయట. మొదటి రెండు మెట్లు ఉచితం అంటే దించుకుని ఆడి చూశాను. గుహలోంచి రాక్షసుడు వస్తాడు. వాడి నెత్తిమీద ‘ఏడు ఎనిమిదులు ఎంత?’ అని ప్రశ్న, కింద నాలుగు జవాబులు. సరైనది నొక్కితే రాక్షసుడు కూలిపోయి గలగలా నాణేలు రాలతాయి. తప్పు నొక్కితే తెర ఎర్రబడుతుంది, మన ప్రాణాల్లో ఒకటి తగ్గుతుంది, మళ్లీ అదే ప్రశ్న. యాభై ఆరు ఎలా వచ్చిందో చెప్పేవాళ్లు ఆ గుహలో ఎవరూ లేరు.

నాకు చాలా కోపం వచ్చింది. ఈ కాలమ్‌ని వదలకుండా చదివేవాళ్లకి ఈ కోపం కొత్తది కాదు. పిల్లల ఆటలోకి బడిని దొడ్డిదారిన దూర్చకండని ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. ఆ ఆటలోంచి రాక్షసుణ్ణి తీసేయండి, ఎక్కం ఎక్కంలాగే ఉంటుంది. ఎక్కం తీసేసి రాష్ట్రాల రాజధానులు పెట్టండి, రాక్షసుడు అలాగే చస్తాడు. రెంటికీ ఏ సంబంధమూ లేదు. పిల్లవాడు నేర్చుకునేదల్లా నాణేలు రాలేదాకా నొక్కుతూ పోవడం.

మా అమ్మమ్మ వామనగుంటలు ఆడేది. చెక్కపీట మీద రెండు వరసల్లో ఏడేసి గుంటలు, ఆడటానికి చింతపిక్కలు. మా ఇంటి పద్ధతి ఇది: మన వైపు ఏదో ఒక గుంటలో పిక్కలన్నీ తీసి, పక్క గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసుకుని మళ్లీ పంచాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా తగిలితే దాని అవతల గుంటలో ఉన్నవన్నీ మనవి, అక్కడితో మన వంతు అయిపోయినట్టు. వినడానికి ఇంతే. కానీ ఏ గుంటతో మొదలుపెడితే పంపకం ఎక్కడెక్కడ తిరిగి ఏ ఖాళీ దగ్గర ఆగుతుందో ముందే పోల్చుకోవాలంటే పీటంతా మనసులో కదలాలి. అమ్మమ్మ వేళ్లు ఒళ్లో ఉండేవి, కళ్లు మాత్రం గుంట నుంచి గుంటకి నడిచేవి. నేను తొందరపడి చేయి చాచితే, ‘చెయ్యి పెట్టేముందు కన్ను పెట్టరా నాన్నా’ అనేది. ఆవిడ బడికి వెళ్లలేదు. అయినా పాల లెక్క, వడ్ల లెక్క, పంపకాల లెక్క నోటితో చెప్పేసేది. వామనగుంటల్లోంచి లెక్క తీసేస్తే మిగిలేది చెక్కా పిక్కలే. ఆ ఆటలో ఆట అంటే లెక్కే.

ఏ వీడియో గేమ్ మంచిదని ఎవరడిగినా నేను వాడే కొలత ఇదే. నేర్చుకునే సంగతిని తీసేస్తే ఆట మిగులుతోందా? మిగిలితే అది నేర్పే ఆట కాదు.

ఈ కొలతకి నిలబడే ఆట ఒకటి ఉంది, పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికోలో ప్రచార పనులు చేసుకునే స్క్వాడ్ అనే కంపెనీలో ఉద్యోగి అయిన ఫెలిపె ఫలాంగె దీన్ని మొదలుపెట్టాడు. 2011లో తొలి రూపం జనంలోకి వచ్చింది, 2015లో పూర్తిస్థాయిలో విడుదలైంది. కెర్బిన్ అనే బుల్లి గ్రహం మీద ఆకుపచ్చ మనుషులుంటారు. వాళ్లకి మనం రాకెట్లు కట్టిపెట్టాలి. ఇంధనం ట్యాంకులు, ఇంజిన్లు, పారాచూట్లు, రెక్కలు అన్నీ విడివిడిగా ఇస్తారు. ఏది దేనిమీద ఎక్కించాలో మన ఇష్టం. ఎగిరేదీ కూలేదీ మాత్రం న్యూటన్ సూత్రాల ప్రకారం.

మా అక్క మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్లది సూళ్లూరుపేట. శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్లని డాబా మీంచి చూస్తూ పెరిగిన పిల్ల. రాకెట్టు నిటారుగా లేచి, కాసేపటికే సముద్రం వైపు వంగిపోవడం ఆ ఊళ్లో అందరూ చూసిందే. ఎందుకు వంగుతుందని ఈ పిల్ల చాలామందిని అడిగింది, సరైన జవాబు దొరకలేదు. ఆటలో తన మొదటి రాకెట్టుని నిటారుగానే పంపింది. కెర్బిన్ గాలిపొర డెబ్బై కిలోమీటర్లకి అయిపోతుంది. రాకెట్టు దాన్ని దాటింది, వంద దాటింది, ఇంధనం అయిపోయింది, వచ్చిన దారినే వెనక్కి వచ్చి కూలింది. ఇంకా పెద్ద ట్యాంకు పెట్టింది. ఇంకా పైకి వెళ్లి కూలింది. నేను వాళ్లింటికి వెళ్లేనాటికి ఆ పిల్ల నాకు చెబుతోంది: ‘తాతయ్యా, ఎత్తు కాదు కావలసింది. పక్కకి పోవాలి. కింద పడుతూనే ఉంటుంది, కానీ పక్కకి ఎంత జోరుగా పోతుందంటే, పడేలోపు నేలే వంగిపోతుంది.’ కక్ష్య అంటే అదే. కెర్బిన్ చుట్టూ తిరగడానికి సెకనుకి సుమారు 2,300 మీటర్ల పక్కవేగం కావాలి. మన భూమి పెద్దది కాబట్టి భూమికి దగ్గరి కక్ష్యలో 7,800 మీటర్ల దాకా కావాలి. ఆ వేగం కోసమే డాబా మీంచి కనిపించే ఆ వంపు.

ఆ తర్వాత ఆ పిల్ల రెండు నౌకల్ని ఆకాశంలో కలపడానికి దిగింది. ముందున్న నౌక వైపు మూతి తిప్పి ఇంజిన్ వేసింది. దగ్గరవ్వాల్సింది దూరమైంది. ఇంకా గట్టిగా వేస్తే ఇంకా దూరమైంది. నేను కుర్చీలోంచి లేచి ఒక కథ చెప్పాను. 1965 జూన్‌లో జెమిని 4లో వెళ్లిన జేమ్స్ మెక్‌డివిట్, ఆరితేరిన పైలట్, తనని మోసుకొచ్చిన రాకెట్టు పై అంచె అక్కడే తిరుగుతుంటే దాని దగ్గరికి వెళ్లబోయి సరిగ్గా ఇలాగే చేశాడు. విమానం నడిపిన చేతికి అదే తోస్తుంది. కక్ష్యలో ఆ పద్ధతి చెల్లదు. జోరు పెంచితే పై కక్ష్యలోకి ఎక్కుతాం, అక్కడ చుట్టు పెద్దది, వెనకబడిపోతాం. ముందున్నదాన్ని అందుకోవాలంటే జోరు తగ్గించి కిందికి దిగాలి. కింది చుట్టు చిన్నది, తొందరగా తిరుగుతాం, కలిసే సమయానికి మళ్లీ పైకి రావాలి. మెక్‌డివిట్ ఇంధనం కరిగిపోతోందని ఆ ప్రయత్నం మానుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో జెమిని 6ఎ వెళ్లి జెమిని 7 చెంతన నిలిచింది.

మనవాళ్లు స్పేడెక్స్ జంట ఉపగ్రహాల్ని 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పంపి, కలపడాన్ని రెండుసార్లు వాయిదా వేసి, చివరికి 2025 జనవరి 16న కలిపారు. ఆ వాయిదాలప్పుడు ‘ఎదురుగా ఉన్నదాన్ని అతికించడానికి ఇన్ని రోజులా?’ అన్న పెద్దలు నాకు చాలామంది తెలుసు. ఈ పిల్ల మాత్రం ఆ మాట ఇక అనదు. ఇంటర్లో గురుత్వాకర్షణ పాఠం వచ్చేసరికి తనకి సూత్రం కొత్తగా కనబడొచ్చు, సంగతి మాత్రం పాతదే.

ఇక్కడిదాకా వస్తే ‘చూశారా, గేములాడితే బుర్ర పదునెక్కుతుంది’ అనే వాదన వెంటనే లేస్తుంది. దాన్ని ఒప్పుకోను. 2003లో నేచర్ పత్రికలో గ్రీన్, బావెలియర్ అనే పరిశోధకులు చూపించింది ఇంత: గేములు అలవాటు లేనివాళ్లతో పదిరోజుల పాటు రోజుకో గంట కాల్పుల ఆట ఆడిస్తే, టెట్రిస్ ఆడినవాళ్లకన్నా వాళ్ల కంటిచూపు ఏకాగ్రత మెరుగుపడింది. 2007లో కడుపులోకి కెమెరా పంపి చేసే ఆపరేషన్ల శిక్షణలో, ఒకప్పుడు వారానికి మూడు గంటలకు పైగా గేములాడిన సర్జన్లు, అసలు ఆడనివాళ్లకన్నా 37 శాతం తక్కువ తప్పులు చేశారని తేలింది. ఇవి విలువైన సంగతులే. తెర చూస్తూ చేతులు కదిపే పని ఒకచోట చేసినవాడికి మరోచోట అలాంటి పనే తేలికైంది. అయితే చెయ్యి సహజంగానే నేర్పుగలవాళ్లు గేముల వైపు వెళ్లారేమో ఆ రెండో లెక్క చెప్పదు. ఇక కాల్పుల ఆట ఆడితే జ్యామెట్రీ వస్తుందని ఏదీ చెప్పదు. మెదడుకి వ్యాయామం అంటూ ఆటలమ్మిన లూమోసిటీ సంస్థ, రుజువు లేని గొప్పలు చెప్పిందన్న అభియోగం మీద 2016లో అమెరికా వాణిజ్య కమిషన్‌తో రాజీపడి ఇరవై లక్షల డాలర్లు కట్టింది. ఆట తనలో ఉన్నదే నేర్పుతుంది. వామనగుంటలు ఆడితే కక్ష్యలు రావు, కెర్బల్ ఆడితే పాల లెక్క రాదు.

ఇంతవరకూ నా పాత దారిలోనే ఉన్నాను. మంచి ఆట ఎంచి పిల్లల చేతికివ్వండి, తర్వాత అటువైపు వెళ్లకండి, వాళ్లని వదిలేయండి, అని రాసి ముగించాలనే కూర్చున్నాను. ఎడ్విన్ లింక్ గురించి తిరగేస్తుంటే కలం మరోవైపు మళ్లింది.

న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్‌టన్ అనే ఊళ్లో లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. కొడుక్కి విమానం నడపడం మీద మోజు, పాఠాలకి డబ్బు ఎక్కువ. ఆర్గన్‌కి గాలి ఊదే తిత్తుల్ని తీసుకుని, నేలమీదే ఉండి అటూఇటూ ఒరిగే పొట్టి విమానం ఒకటి కట్టాడు. 1931లో వచ్చిన పేటెంట్‌లో దాన్ని విద్యార్థి పైలట్ల శిక్షణకీ వినోదానికీ పనికొచ్చే యంత్రమనే రాసుకున్నాడు. విమానాలు నేర్పే బడులు పట్టించుకోలేదు. కొన్నది ఎగ్జిబిషన్ మైదానాలవాళ్లు, జనం నాణెం వేసి ఎక్కి ఊగేవాళ్లు. అప్పటికది అచ్చంగా గేమ్. 1934లో విమాన తపాలా మోసే పని సైన్యం మీద పడింది. మబ్బుల్లో, మంచులో మీటర్లు చూసి నడపడం రాని పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలు ఆరు కొంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేనాటికి లక్షలాది వైమానికులు ఆ నీలిరంగు పెట్టెలో కూర్చుని నేర్చుకున్నవాళ్లే.

మైదానంలో ఉన్నదీ శిక్షణ కేంద్రంలో ఉన్నదీ ఒకటే యంత్రం. మైదానంలో ఎవరూ పైలట్ కాలేదు. శిక్షణ కేంద్రంలో అదనంగా ఉన్నది ఒక బల్ల. దానిమీద పరచిన మ్యాపు, మ్యాపు మీద మూడు చక్రాల చిన్న బండి. ఆ బండిని ‘పీత’ అని పిలిచేవారు. పెట్టెలో మూతపడి కూర్చున్న కుర్రాడు ఎటు తిప్పితే అటు ఆ పీత కదులుతూ సిరాతో గీత గీసేది. బల్ల దగ్గర ఒక బోధకుడు చెవికి ఫోను తగిలించుకుని కూర్చునేవాడు. పాఠం అయ్యాక మూత తీసి, కుర్రాణ్ణి ఆ గీత దగ్గరికి తెచ్చి, ఎక్కడ దారి తప్పాడో వేలు పెట్టి చూపించేవాడు.

అది చదువుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆట ముగిశాక నేను పీట ఎత్తబోతే ఆపేది. ‘ఉండు, ఐదో గుంట తీశావు చూడు, అక్కడ పోయింది నీకు’ అని పిక్కల్ని వెనక్కి, అంతకుముందు ఉన్నట్టే పేర్చేది. ఓడిన ఎత్తుని మళ్లీ నాచేత ఆడించేది. ఆ పీట ఒక్కటే ఇచ్చి నన్ను వదిలేసి ఉంటే పిక్కలు పంచుకుంటూ ఆనందంగానే ఉండేవాణ్ణి. ముందుకి చూడటం మాత్రం వచ్చేది కాదు. సూళ్లూరుపేట పిల్ల దగ్గర కూడా రూళ్ల పుస్తకం ఒకటుంది. వాళ్లమ్మ పెట్టిన షరతు అది: కూలిన ప్రతి రాకెట్టుకీ ఎందుకు కూలిందో ఒక్క వాక్యం రాయాలి. ‘పారాచూట్ కింద అంచెలో పెట్టాను, అది ముందే ఊడిపోయింది’ అని ఒక పేజీలో ఉంది. ‘తొందరగా వంచాను, గాలిలోనే మండింది’ అని ఇంకో పేజీలో. ఆటలో వందలసార్లు ఉచితంగా కూలవచ్చు. కూలడం దగ్గర ఆగి చూడమని మాత్రం ఆట చెప్పదు, మళ్లీ మొదలుపెట్టే మీట వెంటనే చూపిస్తుంది.

అందుకని ఈ వారం నా పాత మాట వెనక్కి తీసుకుని, దాని చోట మరొకటి పెడుతున్నాను: పిల్లల్ని వదిలేయకండి, వాళ్ల పక్కన కూర్చోండి. ఆడుతున్నప్పుడు మాట్లాడకండి, ఓడిపోయాక మాట్లాడండి.

కరీంనగర్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. ఏడో తరగతి కొడుకు ఫోన్లో జట్టుగా ఆడే కాల్పుల ఆట వదలడం లేదు, రోజుకి ఎన్ని గంటలు ఆడనివ్వాలి అని అడిగారు. అమ్మా, గంటల లెక్క నేను చెప్పలేను. నిద్ర, బడి, వీధిలో పరుగు, ఈ మూడింట్లో దేన్నీ ఆట మింగకూడదు. డబ్బు పెట్టి ఆడేదైతే ఈరోజే తీసేయండి. ఆ తర్వాత ఒక సాయంత్రం బాబు పక్కన కూర్చుని ఆట మొత్తం చూడండి. చచ్చిపోయిన ప్రతిసారీ ‘ఏమైంది నాన్నా?’ అని మామూలుగా అడగండి. ‘వాడు మోసం చేశాడు, నెట్ ఆగింది’ అనే జవాబులే వస్తే ఇంకో అరగంట ఇచ్చినా ఆ ఆట మీవాడికి ఏమీ నేర్పదు. ‘మ్యాపు చూసుకోలేదు, మావాడికి చెప్పకుండా పరిగెత్తాను’ అన్నాడనుకోండి, ఇంకో ఆట ఆడనివ్వండి, మీరు లేవకండి. ఈసారి పరిగెత్తేముందు చెబుతాడో లేదో చూడాలి కదా.