కోలారు గనిలో రాతికట్టు

కుప్పం నుంచి కోలారు బంగారు గనులు ఎంతో దూరం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాడులో ఉండేవి. ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి, ముఖ్యంగా దళితవాడల నుంచి, వేలమంది ఈ గనుల్లోకి దిగారు. 1880 నుంచి గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ వాళ్లను కూలీలుగానే లెక్కగట్టింది. వాళ్లు లోపల చేసిన పనేమిటో విడమర్చి చెప్పుకోవాలి.

బంగారం ఉన్న తెల్లరాతి పొర నల్లటి గట్టి రాయి నడుమ ఏటవాలుగా లోతుకు దిగుతుంది. ఆ పొరను తవ్వి తీసేస్తే రెండు రాతిగోడల మధ్య సందు మిగులుతుంది. పైనున్న బరువుకు ఆ గోడలు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. ఒత్తిడి మితిమీరితే రాయి బాంబులా పేలుతుంది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి దిగింది. ఆ లోతున రాయి వేడి 60 డిగ్రీల పైమాటే.

సందు మూసుకోకుండా మొదట దుంగలు నిలిపేవారు. కింది గోడలో ఉలితో గుంట చెక్కి, దుంగ మొదలును అందులో కూర్చోబెట్టాలి. పై కొసకూ పై గోడకూ మధ్య పలక పెట్టి, చెక్క చీలలు దిగగొట్టాలి. అసలు నేర్పు దుంగ వాలులో ఉంది. దాన్ని గోడలకు సరిగ్గా అడ్డంగా పెట్టరు. పై కొసను ఒక పిసరు ఎగువకు ఎత్తి పెడతారు. పై గోడ కిందికి జరిగేకొద్దీ దుంగ సరైన అడ్డానికి వచ్చి ఇంకా బిగుసుకుంటుంది. కొస దిగువకు వాలిందా, అదే జరుగుడు దాన్ని ఊడదీస్తుంది. అంటే, కూలగొట్టాలని వచ్చే బరువు చేతనే కట్టును బిగింపజేశారు. ఆ పిసరు ఎంతో కొలిచి చెప్పే పరికరం లేదు, కన్నే చెప్పాలి. సుత్తితో రాయిని తడితే ఖణేల్మంటే గట్టిది, డొల్లగా పలికితే ఊడబోయేది. ఆ తేడా పట్టగలిగిన చెవి మీదే పక్కవాళ్ల ప్రాణాలు ఆధారపడేవి.

కొయ్య నలుగుతుంది, పుచ్చుతుంది, అంటుకుంటుంది. అందుకే తర్వాత నల్లరాతి కట్టు వచ్చింది. గని బయట చదరంగా చెక్కిన దిమ్మెలను లోపలికి దించి, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా వరస మీద వరస పేర్చేవారు. కింది వరస అతుకు మీద పై దిమ్మె నడుమ పడాలి. చివరి వరసకూ పై గోడకూ మధ్య ఖాళీ మిగలకూడదు. మిగిలితే రాయి ముందు కదిలి, ఆ తర్వాతే కట్టును తాకుతుంది. అప్పటికే ఆలస్యం. చెమట ధారగా కారుతుండగా, మసక దీపం వెలుగులో ఇంత కచ్చితంగా కట్టినవాళ్లను నేను మేస్త్రీలంటాను.

గనుల చుట్టూ వెలసిన ఊరి కట్టడం మాత్రం మరో లెక్కన సాగింది. దొరలకు తోటలతో బంగళాలు, క్లబ్బు. ఆంగ్లో-ఇండియన్లకు వేరే క్వార్టర్లు. గనిలో దిగేవాళ్లకు లైన్లు. అక్కడ ఒకే గది, వెదురు తడికల గోడలు, పక్కింటి దగ్గు వినబడేంత దగ్గరగా. వాటిని తట్టి ఇళ్లనేవారు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ మీద కరెంటు వచ్చింది, గనుల యంత్రాలు నడపడానికి. రాతిగోడల్ని నిలబెట్టినవాళ్లకు కంపెనీ ఒక గట్టి గోడ ఇవ్వలేదు. దీన్ని ఆ కాలపు పద్ధతి అని సరిపెట్టుకోలేం. ఎవరు ఎక్కడ ఉండాలో ఒంటి రంగును బట్టి, కులాన్ని బట్టి గీసిన గీత అది.

షిఫ్టు దిగి వస్తే బంగారం దాచారేమోనని ఒళ్లు తడిమేవారు. 1930లో అందరి వేలిముద్రలూ తీసుకోబోతే గనులన్నీ సమ్మెకు దిగాయి. నేరస్థుల్లా ముద్ర వేయబోమన్నారు. ఒక్క చీల కొట్టకుండా, ఒక్క దిమ్మె దించకుండా ఆగిపోతే గని ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ కుటుంబాల్లో చాలామంది నేటికీ ఆ లైన్లలోనే ఉంటున్నారు. వాళ్ల ఇళ్ల హక్కు తేల్చవలసిన ప్రభుత్వాలు ఇంక జాప్యం చేయకూడదు.