శాలువా కింద ఏముంది?

సన్మానపత్రం అంటే ఏమిటో తెలుగు లెక్చరర్లకు వేరే చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఎవరికి శాలువా కప్పినా విశేషణాలు సరఫరా చెయ్యాల్సింది మేమే. కొన్నేళ్ళ క్రితం మా ఊరి నాయకుడొకాయనకు పౌరసన్మానం తలపెట్టి, "మేడమ్, మీ చేతి మీదుగా రావాలి" అంటూ వివరాల కాగితం తెచ్చిచ్చారు. అందులో ఆయన "స్త్రీజనోద్ధారకుడు". ఆయన వదిలేసిన భార్య మా వీధి చివర మిషన్ కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. నా జాకెట్లు కుట్టేదీ ఆవిడే. ఆ సంగతి ఎత్తితే, "అది ఆయన వ్యక్తిగతం కదమ్మా" అన్నారు.

శీలం అంటే నడవడి. వాడుకలో మాత్రం దాన్ని ఆడవాళ్ళ శరీరానికి అతికించేశాం. నాయకుల దగ్గరకొచ్చేసరికి అదే "వ్యక్తిగతం" అయిపోతుంది. ముద్దుపళని "రాధికా సాంత్వనం" మీద తీర్పు చెప్పిన పెద్దలకు ఆమె పుట్టుకా, వృత్తీ వ్యక్తిగతంగా తోచలేదు. నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది కూడా. రాసిన ఆడదాని శీలం చూసి పుస్తకాన్ని తూచిన మనం, ఏలే మగవాడి శీలం చూడకుండానే బిరుదు తగిలిస్తాం.

ఢిల్లీ కథ ఇంతకన్నా రంజుగా ఉంటుంది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం బిరుదులివ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణం అంటుంది. (గౌరవ డాక్టరేట్ల మీద నాయకులకు అంత మోజెందుకో ఇప్పుడర్థమైందా?) 1954లో భారతరత్న వచ్చింది. 1955లో నెహ్రూ, 1971లో ఇందిర ప్రధానులుగా ఉండగానే అందుకున్నారు. 1977లో మొరార్జీ ప్రభుత్వం ఈ పురస్కారాలను ఎత్తేసింది. 1980లో ఇందిర తిరిగొచ్చి పునరుద్ధరించారు. 1991లో ఆ మొరార్జీగారికే భారతరత్న వచ్చింది, ఆయన పుచ్చుకున్నారు! ఇవి బిరుదులు కావు, పేర్లకు తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ మాట వేదికల దాకా చేరినట్టు లేదు.

2024 దాకా 53 మందికి భారతరత్న ఇస్తే అందులో స్త్రీలు అయిదుగురే. 1942లో గోవాలియా టాంక్ మైదానంలో జెండా ఎగరేసిన అరుణా అసఫ్ అలీకి అది 1997లో, ఆమె పోయాక గానీ రాలేదు. ఉద్ధారకులు మాత్రం బతికుండగానే మెడ వంచి నిలబడతారు.

ఇంతకీ నేనేం చేశాను? నిరాకరించానని రాసుకుంటే బాగుండేది. కానీ రాసిచ్చాను. ఆ ఒక్క విశేషణం కొట్టేసి నా మనస్సాక్షిని జోకొట్టుకున్నాను. సభలో ఎవరో దాన్ని మళ్ళీ చేర్చి, గొంతెత్తి మరీ చదివారు. కింద రచన అని నా పేరుంది.

మరుసటి వారం జాకెట్ కోసం వెళితే ఆవిడ, "పత్రం మీరే రాశారటగా, భాష బాగుందని అందరూ అనుకుంటున్నారమ్మా" అంది. ఆ మాటలో వ్యంగ్యమైనా లేదు.

కథల్నీ, కవితల్నీ పట్టి పట్టి విమర్శించే మనం సన్మానపత్రాన్ని సాహిత్యంగా ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అధికారం తన గురించి తాను రాయించుకునే ప్రక్రియ అది. చాలాసార్లు రాసే చెయ్యి మనదే. ఇప్పుడు పత్రం కోసం వచ్చేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను: "దీన్ని ఆయన ఇంటి ఆడవాళ్ళ ముందు చదవగలరా?"

ఇంతవరకూ ఎవరూ రెండోసారి రాలేదు.